వాపు తగ్గాక రమ్మన్న మాట

నర్సు చదువులో చేరిన మా మేనకోడలి కూతురు మొన్న ఇంటికి వచ్చి, "అమ్మమ్మా, నీ సర్వీసులో నిన్ను అన్నిటికంటే భయపెట్టిన కేసు ఏది?" అని అడిగింది. కాన్పుల సంగతో, కలరా సంగతో, పాముకాట్ల సంగతో చెబుతాననుకుంది. పన్ను అన్నాను. నవ్వింది.

నవ్వడంలో తప్పేమీ లేదు. పన్ను నొప్పిని మనవాళ్ళు జబ్బుల్లో చేర్చరు. బుగ్గ పట్టుకొని మూలిగే మనిషిని చూస్తే ఇంట్లో పిల్లలు కూడా వేళాకోళం చేస్తారు. నేనూ పనిలో చేరిన కొత్తలో అలాగే అనుకున్నాను. కొమురమ్మ అనే మనిషి వచ్చిపోయాక మాత్రం దవాఖాన వరండాలో బుగ్గ వాచిన మనిషి ఎవరు కనబడినా, చేతిలో ఉన్న పని వదిలేసి ముందు వాళ్ళ దగ్గరికే పోయేదాన్ని. ఆ సంగతే రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు చదవాలని రాస్తున్నాను. నా బదిలీలు, జీతాలు వాళ్ళకెందుకు?

కిటికీ పక్క కుర్చీ

మహబూబ్‌నగర్‌లో పని నేర్చుకొని, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో దేవరకొండకు ఇంకా లోపలగా ఉన్న ఒక ఊరి దవాఖానకు వెళ్ళాను. ఊరి పేరు రాయను, అక్కడివాళ్ళ పిల్లలు ఇంకా ఉన్నారు. మట్టిరోడ్డు మీద బస్సు వచ్చేది, వాన పడితే అదీ వచ్చేది కాదు. ఒక డాక్టరు, నేను, ఒక కాంపౌండరు, నాలుగు మంచాల వార్డు. పళ్ళకు వేరే డాక్టరు కావాలంటే హైదరాబాదు పోవాల్సిందే. అందువల్ల ఎద్దు పొడిచిన కడుపుకు కుట్లు వేసే చేతులే పన్నూ తీసేవి. వెలుతురు బాగుంటుందని కిటికీ పక్కన ఒక చేతుల కుర్చీ వేసి ఉంచేవాళ్ళం. మత్తు సూది వేసి, చిగురు మొద్దుబారేదాకా ఆగి, మరగబెట్టిన పట్టకారుతో లాగేవారు. డాక్టరు పని అక్కడితో అయిపోయేది. మా పని అప్పుడు మొదలయ్యేది.

ఆ తర్వాతి పని నాకు మహబూబ్‌నగర్ మేట్రన్ నేర్పింది. కఠినమైన మనిషి. తప్పు చేస్తే రోగుల ముందే వేళ్ళమీద కొట్టేది. ఆమె చేతికింద ఏడవని పిల్ల లేదు. ఆ పద్ధతి మంచిదని ఇప్పటికీ అనను, భయంతో నేర్చుకున్నది సగం గుర్తుంటుంది, సగం పోతుంది. కాని పన్ను తీసిన మనిషిని వెంటనే ఇంటికి పంపకూడదని చెప్పింది ఆమే. పన్ను ఊడిన గుంతలో నెత్తురు గడ్డకడుతుంది, ఆ పుండుకు ఆ గడ్డే కట్టు. పుక్కిలిస్తే పోతుంది, మాటిమాటికీ ఉమ్మితే పోతుంది, చుట్ట పీల్చినా పోతుంది. అది పోయి లోపలి ఎముక బయటపడిందంటే, పన్ను ఉన్నప్పటి నొప్పే నయం అనిపిస్తుంది. మనవాళ్ళకేమో నోట్లో నెత్తురు తగిలితే ఉమ్మకుండా ఉండడం చేతకాదు. అందుకని దూది కరిపించి, వరండాలో కూర్చోబెట్టి, ఎదురుగా నేను కూర్చునేదాన్ని. ఇంటికి పోయాక గుంతలో బూడిద, పసుపు, పొగాకు నుసి కూరవద్దని ఒకసారి రోగికీ, ఇంకోసారి వెంట వచ్చినవాళ్ళకూ చెప్పేదాన్ని. మరునాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్ళు, చల్లార్చిన జావ, మెత్తటి అన్నం. ఇంతే వైద్యం. వినేవాళ్ళకు ఇదంతా చిన్న విషయంలా ఉంటుంది.

అప్పటి మా డాక్టరు సదాశివరావుగారు కృష్ణా జిల్లా మనిషి. చిన్న వయసు, మంచి చెయ్యి, పుస్తకం చూడనిదే నిద్రపోడు. రోగిమీద చేయి చేసుకునేవాడు కాదు, కసిరేవాడూ కాదు. ఆయనలో లోపం ఒక్కటే. తను ఆలోచించినదంతా తనలోనే ఉంచుకొని, చివరి మాట మాత్రం బయటికి అనేవాడు. 'ఇది వద్దు', 'అది తినకు', 'మళ్ళీ రా'. ఎందుకో చెప్పడు. పైగా వచ్చిన కొత్తలో ఇక్కడి మాట ఆయనకు సరిగా అందేది కాదు. దౌడ అంటే దవడ అని నేనే చెప్పాల్సివచ్చింది.

మంద పోతాంది

చలి తగ్గి ఎండ చురుక్కుమంటున్న రోజుల్లో ఒక ఉదయం కొమురమ్మ వచ్చింది. గొర్లు కాసుకునే ఇంటి మనిషి. చంకలో పాలు తాగే ఆడపిల్ల. కుడి బుగ్గ కన్ను దాకా వాచి నిగనిగలాడుతోంది. నోరు సగమే తెరుచుకుంటోంది. ఒక్కతే పల్లె నుంచి నడిచి వచ్చింది.

"సారూ, గీ దౌడ పన్ను గుంజెయ్యుండ్రి. తెల్లారితే మంద పోతాంది," అంది.

వాచిన నోటితో ఆమె అన్నది ఆయనకు వేరుగా వినబడింది. "మందు ఎక్కడికీ పోదమ్మా, ఇస్తాం," అన్నారు.

"మందు గాదు సారూ, మంద. గొర్ల మంద. ఈడ గడ్డి ఒడిశింది. కిష్ణ ఒడ్డుకు తోల్కపోతున్నం. వానలు పడ్డంకనే మల్లొచ్చేది."

ఆయన ఆమె నోట్లోకి చూశారు, దవడ కింద వేళ్ళతో నొక్కారు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వాపు ఉండగా పన్ను ముట్టుకోను. ఇప్పుడు సూది వేస్తాం. రోజూ వచ్చి వేయించుకో. వాపు తగ్గాక రా, తీస్తాను."

"రోజు ఎట్లొస్త సారూ? గొర్లు ఈనుతున్నయ్. మా ఆయన ఒక్కడు మందను జూస్తడా, పిల్లల జూస్తడా? నేను పోకుంటే నడువది."

గొర్రె పిల్లల మాట అది. దారిలో ఈనిన గొర్రెలను, నడవలేని పిల్లలను మోసుకుంటూ పోవడం ఆడవాళ్ళ పని. నేను ఆయనకు విడమరిచి చెప్పాను. "వీళ్ళు రేపు పోతే మళ్ళీ తొలకరికి గాని రారండీ," అన్నాను.

"ఒక మనిషి ఆగలేరా? ఎవర్నో ఒకరిని తోడు పెట్టుకుంటారు," అన్నారు. ఆమె వైపు తిరిగి, "నీ ఇష్టమమ్మా. ఇవాళ మాత్రం తీయను," అన్నారు.

పెన్సిలిన్ సూది వేయించుకొని, పిల్లను చంకనెత్తుకొని ఆమె వెళ్ళిపోయింది. మెట్ల దగ్గర ఒకసారి ఆగింది. మళ్ళీ పిలుస్తారేమో అని చూసినట్టుంది.

ఆమె వెళ్ళిపోయాక డాక్టరుగారు చేతులు కడుక్కుంటూ నాతో చెప్పారు. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఆయన కళ్ళముందు ఒకతనికి ఇంత వాపులోనే పన్ను తీశారట. చీము మెడలోకి దిగిందట. ఊపిరాడక చనిపోయాడట. ఆ రోజుల్లో చాలామంది పెద్ద డాక్టర్లు అదే మాట చెప్పేవారు, వాపులో పన్ను ముట్టుకోవద్దని. ఆయన తన ఇష్టం వచ్చినట్టు చేయలేదు. నేర్చుకున్నదే చేశాడు.

బండిలో కూర్చుని వచ్చింది

వారం దాటి ఉంటుంది. మిట్టమధ్యాహ్నం దవాఖాన ముందు ఎద్దుబండి ఆగింది. బండిలో కొమురమ్మ పడుకోలేదు, కూర్చుని ఉంది. మెడ ముందుకు చాచి, రెండు చేతులూ బండి పట్టెమీద ఆనించి, చొంగ కారుతుంటే తుడుచుకునే ఓపిక లేక, ఒక్కొక్క ఊపిరినీ లాగుతోంది. గదవ, అంటే గడ్డం కింది నుంచి గొంతు దాకా చెక్కలా బిగిసిపోయింది. నాలుక పైకి లేచి పళ్ళ మధ్య నుంచి కనబడుతోంది. పడుకోబెడితే పోతుందని చూడగానే తెలిసింది.

భర్త బీరయ్య పిల్లను పట్టుకొని బండి పక్కన నిలబడ్డాడు. బక్కపలచటి మనిషి, భుజాన గొంగడి. "నొప్పికి ఆగలేకపోయింది నర్సమ్మా. తొవ్వల అంగడి తగిలింది. ఆడ పండ్లు పీకేటోడు కూసున్నడు. గుంజమన్న. ఇరిగింది. సగం లోపల్నే ఉంది. పొగాకు గూరి పంపిండు. మరునాటి సంది మాట బంద్ అయింది," అన్నాడు.

పట్నం పంపే సమయం లేదు. డాక్టరుగారు ఆమెను ఒక్కసారి చూసి, "కత్తి, గాజుగుడ్డ, రబ్బరు పట్టీ. కుర్చీలోనే చేద్దాం. పడుకోబెట్టవద్దు," అన్నారు. ఆయన గొంతు మామూలుగానే ఉంది, మొహం మాత్రం పాలిపోయింది.

కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టాం. నేను వెనక నిలబడి ఆమె తలను నా పొట్టకు ఆనించి పట్టుకున్నాను. బీరయ్య మోకాళ్ళమీద కూర్చుని చేతులు పట్టుకున్నాడు. గదవ కింద మత్తు సూది వేశారు గాని, అంత చీములో మత్తు సరిగా పట్టదు. కోత పెట్టినప్పుడు ఆమె ఒళ్ళంతా బిగుసుకుంది. అరవడానికి నోటిలో జాగా లేదు. ఆయన లోపలికి వేలు పోనిచ్చి పొరలు విడదీశారు. చీము పెద్దగా రాలేదు, నల్లటి నీరు వచ్చింది, గది నిండా కుళ్ళు వాసన. రెండో పక్క కూడా కోశారు. కొంతసేపటికి ఆమె ఊపిరిలో ఆ ఈల శబ్దం తగ్గింది. తల నా మీద బరువుగా వాలింది. పోయిందనుకొని వంగి చూశాను. ఊపిరి ఆడుతోంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. తరువాత ఈ కథ విన్న వాళ్ళు చాలామంది డాక్టరుగారిని తిట్టారు. నేను తిట్టను. ఆ రోజు ఆ కోత పెట్టగలిగిన చెయ్యి చుట్టుపక్కల ఇంకొకటి లేదు. మొదటి రోజు పంపేసిన మనిషీ, ఆ రోజు బతికించిన మనిషీ ఒక్కడే. ఈ పనిలో చాలాసార్లు అంతే ఉంటుంది.

పాలు

కొమురమ్మ ప్రాణం నిలిచింది. జ్వరం మాత్రం దిగలేదు. గంటల లెక్కన సూదులు, చీము కారిపోవడానికి కోతలో రబ్బరు పట్టీ, పూటకోసారి కట్టు. పళ్ళ మధ్య సందులోంచి పలచటి జావ గొట్టంతో పోసేదాన్ని. దవడలు బిగుసుకుపోయి చిటికెన వేలు కూడా దూరేది కాదు.

పిల్ల సంగతి మొదట ఎవరికీ పట్టలేదు. తల్లికి పాలు ఎండిపోయాయి. దారిలో ఉన్న రోజుల్లోనే బీరయ్య గొర్రె పాలు, ఏ చెలమ నీళ్ళు దొరికితే ఆ నీళ్ళు కలిపి తాగించాడు. దవాఖానకు వచ్చేసరికే పిల్లకు బేదులు పట్టుకున్నాయి. నేను నీళ్ళు మరగబెట్టి, ఉప్పూ చక్కెరా కలిపి ఉగ్గుగిన్నెతో పోశాను. పోసింది పోసినట్టే వెళ్ళిపోయేది. డాక్టరుగారు తొడలోకి సెలైన్ ఎక్కించారు. నుదుటి పైన మెత్తటి చోటు లోపలికి గుంటపడింది. ఏడుపు ఆగిపోయింది. పిల్ల ఏడవడం మానేస్తే జబ్బు తగ్గిందనుకొని బీరయ్య కొంచెం నవ్వాడు. నేను మళ్ళీ ఉగ్గుగిన్నె అందుకున్నాను.

మర్నాడు పొద్దున తల్లి పక్కనే పిల్ల చనిపోయింది.

కొమురమ్మకు మేము చెప్పనక్కరలేకపోయింది. చెయ్యి పిల్లమీదే ఉంది. ఆమె లేచి కూర్చుంది. నోరు తెరవబోయింది. తెరుచుకోలేదు. బిగిసిన దవడల వెనక గొంతులోంచి ఒక మూలుగు మాత్రం వచ్చింది. మెడకు చుట్టిన కట్టు తడిసి ఎర్రబడింది. ఏడిస్తే కోత విచ్చుకుంటుందని ఆమెను నేను అదిమి పట్టుకోవాల్సివచ్చింది. నా ఉద్యోగంలో అంతకంటే పాడు పని నేను చేయలేదు. పిల్ల చనిపోయిన తల్లిని ఏడవద్దని అదిమి పట్టుకోవడం.

బీరయ్య గొంగడిలో చుట్టి తీసుకుపోయాడు. ఊరి బయట పూడ్చి, తిరిగి వచ్చి, మంచం కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. చేతులకు మట్టి అలాగే ఉంది. "మంద ఏమాయె?" అని ఎవరో అడిగితే, "మా పాలోళ్ళు తోలుకపోయిండ్రు," అన్నాడు. పాలోళ్ళంటే వాళ్ళ దాయాదులు.

విరిగిన ముక్క

ఆ తర్వాత కొమురమ్మ డాక్టరుగారిని దగ్గరికి రానివ్వలేదు. ఆయన రాగానే గోడవైపు తిరిగేది. చేయి వేస్తే తోసేసేది. ఆయన గుమ్మంలో నిలబడి చెబుతుంటే కట్లు నేనే కట్టేదాన్ని. ఇంకో డాక్టరు అయితే కోప్పడేవాడు, పంపేసేవాడు కూడా. ఈయన రోజూ రెండు పూటలా వచ్చి గుమ్మంలో నిలబడేవాడు.

దవడ తెరిపించడం కోసం పళ్ళ మధ్య పలచటి చెక్క పుల్లలు పెట్టేదాన్ని. పుల్ల మీద పుల్ల, రోజుకు కొంచెం ఎక్కువ. కళ్ళలో నీళ్ళు కారేవి, ఆమె మాత్రం తలకాయ పక్కకు తిప్పేది కాదు. కొద్దిగా మాట వచ్చాక ఆమె మొదట అడిగింది పిల్లను ఎక్కడ పెట్టారని. బీరయ్య చెప్పాడు. తలాడించింది.

విరిగిన వేరుముక్క ఇంకా లోపలే ఉంది. అది ఉన్నంతకాలం చీము మళ్ళీ రావచ్చు. ఆమెకు ఆ మాట ఎలా చెప్పాలా అని నేను వెనకాడుతుంటే, ఒక పొద్దున తనే, "ఆ సారును పిలువు. తీస్తే తియ్యమను. మల్ల గీ మంచం ఎక్కలేను," అంది.

అదే కుర్చీ. నోరు రెండు వేళ్ళ మందం తెరుచుకుంది. ఆ సందులోంచే ఆయన సన్నటి పనిముట్టు పెట్టి, వేరు చుట్టూ కదిలించి, ముక్క తీశారు. ఆమె కుర్చీ చేతులు పట్టుకొని ఆయన మొహంలోకే చూస్తూ కూర్చుంది. ఆయన ఒక్కసారి కూడా ఆమె కళ్ళవైపు చూడలేదు. దూది కరిపించాక నేను ఆమెతో వరండాలో కూర్చున్నాను. ఎండ మెట్లమీదకి వచ్చేదాకా ఆమె ఒక్కసారి కూడా ఉమ్మలేదు. ఆ గుంత చక్కగా మానింది. కొన్నాళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ మీదట మా దవాఖానలో పద్ధతి మారింది. బుగ్గ వాచి వచ్చిన ప్రతి మనిషినీ డాక్టరుగారు, "ఇక్కడి నుంచి ఎక్కడికి పోతావు? ఎవరున్నారు?" అని అడిగేవారు. దూరం నుంచి వచ్చినవాళ్ళకు వార్డులో మంచం ఇచ్చి, లేకపోతే వరండాలో చాప వేయించి, సూదులు వేసి, తగ్గాకే తీసేవారు. కొందరికి వాపులోనే తీశారు. వాళ్ళలో ఎక్కువమంది బాగుపడ్డారు, ఒకతన్ని పట్నం పంపాల్సివచ్చింది. ఏది సరైన దారో ముందుగా తెలిసేది కాదు. నేను నేర్చుకున్న పాఠం ఇదేనని చాలాకాలం అనుకున్నాను, రోగిని వెనక్కి పంపేటప్పుడు ఎక్కడికి పంపుతున్నామో తెలుసుకోవాలని. అది మంచి పాఠమే. కాని అసలు మాట నాకు కొమురమ్మే చెప్పింది.

మరుసటి ఏడు

మరుసటి ఏడు మంద కదిలే ముందు కొమురమ్మ తన మరదలిని వెంటబెట్టుకొని వచ్చింది. గదవ కింద రెండు మచ్చలు ముడతపడి ఉన్నాయి. నోరు పూర్తిగా తెరుచుకోదు, మాట కొంచెం పళ్ళ వెనక నుంచి వచ్చినట్టుంటుంది. మరదలికి వాపు లేదు, పన్ను పుచ్చింది, అంతే. డాక్టరుగారు సూది వేసి తీశారు. తేలిగ్గానే వచ్చింది. మరదలిని వరండాలో కూర్చోబెట్టాను.

కొమురమ్మ లోపలే నిలబడి ఉంది. "సారూ, ఒక్క మాట," అంది.

"చెప్పమ్మా."

"నాడు నేనొచ్చిన నాడు ఎందుకు తియ్యలే?"

ఆయన పుస్తకంలో ఉన్న మాట చెబుతారనుకున్నాను. ఆయన పట్టకారు పళ్ళెంలో పెట్టారు.

"భయపడ్డానమ్మా," అన్నారు. "అంత వాపులో తీస్తే నువ్వు చనిపోతావేమోనని భయపడ్డాను. అలా పోయిన మనిషిని చూశాను."

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. కోపం లేదు. అంతకంటే కష్టమైనదేదో ఆ మొహంలో ఉంది.

"గా మాట నాకు జెప్పకపోతివి," అంది. "వాపు తగ్గినంక రమ్మంటివి. వాపుదేముంది, తగ్గుతదనుకున్న. సస్తనని నువ్వు భయపడుతున్నవంటే నేను గూడ భయపడకపోదునా? గొర్లను ఇడిశిపెట్టి గీ వరండలనే పడుంటుంటి. పిల్ల నా దగ్గర పాలు తాగుకుంట బతికి ఉంటుండె."

బయట బీరయ్య కేక వేశాడు, మంద ఊరు దాటుతోందని. ఆమె కొంగు సర్దుకొని, మరదలి చెయ్యి పట్టుకొని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.